పదవ తరగతితో ముగిసే చరిత్ర: మాధ్యమిక సాంఘికశాస్త్ర పాఠ్యక్రమ పరిణామం - తెలుగు రాష్ట్రాల అనుభవం

వ్యాససంగ్రహం

భారతదేశంలో మాధ్యమిక స్థాయి విద్యార్థి సాంఘికశాస్త్రంలో ఏమి నేర్చుకోవాలన్న చర్చ ప్రధానంగా ఏ పాఠం ఉండాలి, ఏ పాఠం తొలగించాలి అన్న వివాదంగానే సాగింది. అంతకంటే మౌలికమైన మరో ప్రశ్న ఉంది. విద్యార్థి గతాన్ని గుర్తుంచుకోవాలా, పరిశీలించాలా? 1953 నాటి ముదలియార్ కమిషన్ నివేదిక నుంచి నేటి వరకు జరిగిన ప్రధాన సంస్కరణలు పరిశీలన వైపే మొగ్గాయి. పబ్లిక్ పరీక్ష మాత్రం జ్ఞాపకం వైపే నిలిచింది. ఇంటర్మీడియట్‌లో చరిత్ర చదివేవారు కొద్దిమందే అయిన తెలుగు రాష్ట్రాలలో పదవ తరగతి పుస్తకమే చాలామందికి చివరి చరిత్ర గ్రంథం. అందువల్ల ఈ ప్రశ్నకు ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. జాతీయ పాఠ్యక్రమ పరిణామాన్ని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011-14 మధ్య జరిగిన ప్రయోగాన్ని, విభజన తర్వాత రెండు రాష్ట్రాలు పట్టిన దారులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాంఘికశాస్త్రం, పాఠ్యక్రమం, మాధ్యమిక విద్య, చరిత్ర బోధన, విద్యా ప్రమాణాలు, పబ్లిక్ పరీక్ష, గూడెం తిరుగుబాటు.

1. ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాలలో పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థి ముందున్న ప్రధాన ఎంపిక ఇంటర్మీడియట్ గ్రూపు. ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అన్న ఈ వరుసలో చరిత్ర ఒక ప్రధాన పాఠ్యాంశంగా ఉన్నది చివరిదానిలో మాత్రమే. సీఈసీ విద్యార్థి పౌరశాస్త్రం, అర్థశాస్త్రం చదువుతాడు గాని చరిత్ర చదవడు. ఎంపీసీ, బైపీసీ విద్యార్థులకు సామాజిక శాస్త్రాలతో సంబంధం అక్కడితో తెగిపోతుంది. ఇంజనీరుగా, వైద్యుడిగా, వ్యాపారిగా, ఓటరుగా జీవించబోయే వ్యక్తి తన దేశ గతం గురించి తరగతి గదిలో నేర్చుకునేదంతా పదిహేనేళ్ల వయసుకే ముగుస్తుంది. ఆ తర్వాత గ్రూప్స్, డీఎస్సీ వంటి పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి చరిత్ర మళ్లీ ఎదురవుతుంది. అక్కడ అది నాలుగు జవాబులలో ఒకదాన్ని గుర్తించే బిట్ల రూపంలో ఉంటుంది.

ఈ నేపథ్యంలో తొమ్మిది, పది తరగతుల సాంఘికశాస్త్రం మిగిలిన పాఠ్యాంశాల వంటిది కాదు. గణితంలో, భౌతికశాస్త్రంలో మిగిలిపోయిన లోటును పై తరగతులలో పూరించుకునే అవకాశం ఉంటుంది. చరిత్రలో ఆ అవకాశం చాలామందికి రాదు. కాబట్టి ఈ రెండు తరగతులలో ఏమి నేర్పుతున్నారు, నేర్పినదానిలో ఏది విద్యార్థి వెంట మిగులుతున్నది అన్న ప్రశ్నలు పాఠశాల విద్యకే పరిమితమైనవి కావు.

2. వలసపాలన వారసత్వం

1854 నాటి వుడ్ తాఖీదు తర్వాత 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. పాఠశాల పై తరగతుల చదువు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష అయిన మెట్రిక్యులేషన్‌కు లోబడింది. పాఠశాలలో ఏమి చెప్పాలో పరీక్ష నిర్ణయించే సంప్రదాయానికి మూలం ఇక్కడే ఉంది. ఆ చదువులో ఇంగ్లండు చరిత్రకు, బ్రిటిష్ పాలన విస్తరణ కథనానికి పెద్దపీట ఉండేది. 1817లో జేమ్స్ మిల్ తన గ్రంథంలో భారత గతాన్ని హిందూ, ముస్లిం, బ్రిటిష్ యుగాలుగా విభజించాడు. ఆ విభజన పాఠ్యపుస్తకాల అధ్యాయ క్రమంగా స్థిరపడింది. పౌరశాస్త్రం కూడా వలసపాలన కాలంలోనే తరగతి గదిలోకి వచ్చింది. పాలనా యంత్రాంగాన్ని పరిచయం చేయడం, విధేయతను పౌరధర్మంగా బోధించడం దాని తొలి లక్ష్యాలు.

తెలుగువారి చరిత్ర తెలుగులో వికసించింది ప్రధానంగా పాఠశాల వెలుపల. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్రను సామాన్య పాఠకుని చేతికి అందించింది. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి భాగం 1910లో ఈ మండలి ద్వారానే వెలువడింది. శాసనాలను, సాహిత్యాధారాలను తూచి చూసే పద్ధతిని తెలుగు పాఠకుడు ఇటువంటి గ్రంథాల వల్ల ఎరిగాడు. నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ ప్రభుత్వ విద్యలో ఉర్దూకు ప్రాధాన్యం ఉండేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూనే బోధనా మాధ్యమంగా స్వీకరించింది. ఆధారాలతో చరిత్ర రాయడం ఒకవైపు గ్రంథమండలులలో సాగగా, పరీక్షకోసం చరిత్ర వల్లెవేయడం మరొకవైపు పాఠశాలలలో సాగింది. ఈ రెండు పాయలు కలవకుండానే స్వాతంత్ర్యం వచ్చింది.

3. సోషల్ స్టడీస్ నుంచి సామాజిక శాస్త్రాలకు

ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన 1952లో నియమితమైన మాధ్యమిక విద్యా కమిషన్ 1953లో నివేదిక సమర్పించింది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్న విభాగాలను ‘సోషల్ స్టడీస్’ పేరుతో ఒకే పాఠ్యాంశంగా బోధించాలని అది సూచించింది. విద్యార్థి తన సామాజిక పరిసరాలను సమగ్రంగా అర్థం చేసుకోవాలన్నది దాని ఆశయం. తెలుగులో స్థిరపడిన ‘సాంఘికశాస్త్రం’ అన్న పేరుకు నేపథ్యం ఇదే. కొత్త గణతంత్రానికి పౌరులను తయారుచేసే బాధ్యతను కమిషన్ ఈ పాఠ్యాంశానికి ప్రత్యేకంగా అప్పగించింది.

ఆచరణలో ఈ ఏకీకరణ అట్టకే పరిమితమైంది. ఒకే పుస్తకంలో నాలుగు విభాగాలు పక్కపక్కన చేరాయి తప్ప ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. డి.ఎస్. కొఠారి అధ్యక్షతన 1964-66 మధ్య పనిచేసిన విద్యా కమిషన్ దిగువ మాధ్యమిక స్థాయిలో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను మళ్లీ విడివిడిగా పేర్కొంది. 1961లో ఏర్పడిన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి, అంటే ఎన్‌సీఈఆర్‌టీ, జాతీయ స్థాయి పాఠ్యపుస్తకాల రచనను చేపట్టింది. రొమిలా థాపర్, ఆర్.ఎస్. శర్మ, సతీశ్ చంద్ర, బిపన్ చంద్ర వంటి పరిశోధకులు పాఠశాలకోసం రాయడం భారత విద్యా చరిత్రలో గణనీయమైన మలుపు. పరిశోధనా ఫలితాలకు, పాఠశాల పుస్తకానికి మధ్య దూరాన్ని అది తగ్గించింది.

ఆ పుస్తకాలే రాజకీయ వివాదానికీ కేంద్రమయ్యాయి. 1977లో వెలువడిన ఆర్.ఎస్. శర్మ ‘ప్రాచీన భారతం’ మరుసటి ఏడాదే కేంద్రీయ బోర్డు పాఠ్యక్రమం నుంచి తొలగింది. 2000 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంపై వచ్చిన వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. అరుణా రాయ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 2002 సెప్టెంబరు 12న కోర్టు ఆ చట్రాన్ని సమర్థించింది. ఈ వివాదాల ప్రాముఖ్యాన్ని తగ్గించి చూడనవసరం లేదు. అయితే వాటిలో ఇరుపక్షాలకూ ఉమ్మడిగా ఉన్న ఒక నమ్మకాన్ని గమనించాలి. పుస్తకంలో ఉన్నదే విద్యార్థి మనసులోకి వెళుతుందన్నది ఆ నమ్మకం. యశ్‌పాల్ కమిటీ 1993లో ‘భారం లేని చదువు’ అన్న నివేదికలో దానిని పరోక్షంగా ప్రశ్నించింది. సమాచారం కుక్కడం వేరు, అవగాహన కలగడం వేరు అన్నది ఆ నివేదిక సారాంశం.

4. 2005 చట్రం: ఆధారాలు తరగతి గదిలోకి

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఈ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లింది. వలసపాలన వాసనలున్న ‘పౌరశాస్త్రం’ స్థానంలో ‘రాజనీతిశాస్త్రం’ వచ్చింది. చరిత్ర గ్రంథాలు నీలాద్రి భట్టాచార్య ముఖ్య సలహాదారుగా తయారయ్యాయి. తొమ్మిదవ తరగతి పుస్తకం 2006లోను, పదవ తరగతి పుస్తకం 2007లోను వెలువడ్డాయి.

ఈ పుస్తకాల నిర్మాణంలో మార్పు స్పష్టం. చరిత్రను రాజవంశాల క్రమంలో గాక మూడు కోణాల నుంచి చూపారు. సంఘటనలు-ప్రక్రియలు మొదటిది. జీవనాధారాలు, ఆర్థిక వ్యవస్థలు, సమాజాలు రెండవది. నిత్యజీవితం, సంస్కృతి, రాజకీయాలు మూడవది. తొమ్మిదవ తరగతిలో ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీయిజం వంటి పాఠాలతోపాటు అటవీ సమాజాలు, పశుపోషకులు, వస్త్రధారణ, క్రికెట్టు చరిత్రాంశాలయ్యాయి. పదవ తరగతిలో ఐరోపాలో, భారతదేశంలో జాతీయవాదం, ప్రపంచీకరణ, పారిశ్రామికీకరణ, అచ్చు సంస్కృతి పాఠాలు వచ్చాయి. ప్రతి పాఠంలో మూలాధారాలు, వ్యంగ్య చిత్రాలు, ప్రకటనలు, పటాలు చేర్చి, వాటిని చదవమని విద్యార్థిని ప్రోత్సహించారు.

ఈ పుస్తకాలకూ కోతలు తప్పలేదు. 2019లో తొమ్మిదవ తరగతి చరిత్ర నుంచి మూడు పాఠాలు తొలగాయి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం కోసం చేసిన పోరాటాన్ని చెప్పిన వస్త్రధారణ పాఠం వాటిలో ఒకటి. కరోనా అనంతరం చదువు భారాన్ని తగ్గించే పేరుతో జరిగిన సవరణలో పదవ తరగతి రాజనీతిశాస్త్రం నుంచి ‘ప్రజాస్వామ్యం - వైవిధ్యం’, ‘ప్రజా పోరాటాలు - ఉద్యమాలు’, ‘ప్రజాస్వామ్యానికి సవాళ్లు’ అన్న పాఠాలు తొలగాయి. తొలగించినవి ఏవి అన్నది ఎంత ముఖ్యమో, మిగిలినవి ఎలా చదువుతున్నారన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండవ ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం మంచి ఉదాహరణ.

5. ఉమ్మడి రాష్ట్ర ప్రయోగం (2011-14)

2005 జాతీయ చట్రాన్ని, 2009 విద్యాహక్కు చట్టాన్ని ఆధారం చేసుకొని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం - 2011’ను రూపొందించింది. దాని వెలుగులో కొత్త పాఠ్యపుస్తకాలు దశలవారీగా వచ్చి, 2014 నాటికి పదవ తరగతికి చేరాయి. మధ్యప్రదేశ్‌లో మాధ్యమిక పూర్వ తరగతులకు 1980ల నుంచి సామాజిక శాస్త్ర బోధనలో ప్రయోగాలు చేసిన ఏకలవ్య సంస్థ నిపుణుల అనుభవం కూడా ఈ రచనకు తోడైంది.

ఈ పుస్తకాలు ముదలియార్ కమిషన్ నాటి ఏకీకరణ ఆశయాన్ని కొత్త రీతిలో చేపట్టాయి. చరిత్ర, భూగోళం అన్న విభాగాల పేర్లు లేకుండా ఇతివృత్తాల ప్రకారం పాఠాలు అమర్చారు. పదవ తరగతి గ్రంథం రెండు భాగాలుగా సాగింది. ‘వనరుల అభివృద్ధి - సమానత’ మొదటిది. ‘సమకాలీన ప్రపంచం - భారతదేశం’ రెండవది. అభివృద్ధి భావనలు, వలసలు, ఆహార భద్రత, సుస్థిర అభివృద్ధి ఒక వరుసలోను, ప్రపంచ యుద్ధాలు, వలస దేశాల విముక్తి ఉద్యమాలు, రాజ్యాంగ రచన, స్వతంత్ర భారతం, సామాజిక ఉద్యమాలు మరొక వరుసలోను వచ్చాయి.

ఈ గ్రంథం విశిష్టత 1947 తర్వాతి చరిత్రలో ఉంది. 1947-77 మధ్య మొదటి ముప్ఫై ఏళ్లకు ఒక పాఠం, 1977-2000 మధ్య రాజకీయ ధోరణులకు మరొక పాఠం కేటాయించారు. ఎన్నికలు, భాషారాష్ట్రాల ఏర్పాటు, అత్యవసర పరిస్థితి, సంకీర్ణ ప్రభుత్వాలు పదవ తరగతి విద్యార్థికి పరిచయమయ్యాయి. ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి చరిత్ర గ్రంథంలో భారతదేశపు కథ జాతీయోద్యమంతో ఆగుతుంది. స్వాతంత్ర్యానంతర రాజకీయాలను విస్తారంగా చెప్పే గ్రంథం పన్నెండవ తరగతిలో, రాజనీతిశాస్త్రాన్ని ఎంచుకున్నవారికే లభిస్తుంది. పదితో చరిత్ర ముగిసే విద్యార్థికి ఆ గ్రంథం చేరదు.

లోపాలు లేకపోలేదు. గ్రామ ఆర్థిక వ్యవస్థను వివరించే పాఠానికి ఎంచుకున్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదవ తరగతి అర్థశాస్త్రంలోని పాలంపూర్ కల్పిత గ్రామానికీ నేపథ్యం ఆ ప్రాంతపు వ్యవసాయమే. కృష్ణా డెల్టా కాలువ కింది ఊరిలోనో, పాలమూరు మెట్ట పల్లెలోనో చదువుకునే విద్యార్థి కౌలు, కూలి, అప్పు వంటి విషయాలను గంగా-యమునా మైదానం ద్వారా నేర్చుకోవలసి వచ్చింది. పాఠం చివర సొంత గ్రామంతో పోల్చమని అడిగే ప్రశ్నలు ఈ లోటును పూరించగలవు. ఆ ప్రశ్నలు తరగతిలో చేపడితేనే అది సాధ్యం.

పుస్తకంతోపాటు మూల్యాంకనాన్నీ మార్చే ప్రయత్నం జరగడం ఈ సంస్కరణలోని ధైర్యం. సాంఘికశాస్త్రానికి ఆరు విద్యా ప్రమాణాలు నిర్దేశించారు. విషయావగాహన, పాఠ్యాంశాన్ని చదివి అర్థం చేసుకొని వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస-సున్నితత్వం అన్నవి ఆ ఆరు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా పదవ తరగతిలో 80 మార్కులకు పబ్లిక్ పరీక్ష, 20 మార్కులకు పాఠశాల స్థాయి అంచనా అన్న విధానం 2014-15లో ప్రవేశించింది. పుస్తకంలోని ప్రశ్నను యథాతథంగా పరీక్షలో ఇవ్వకూడదన్నది దాని ముఖ్య సూత్రాలలో ఒకటి. ఇచ్చిన పేరా చదివి అభిప్రాయం రాయడం, పట్టికను విశ్లేషించడం, పటం మీద స్థలాలను గుర్తించడం వంటివాటికి విడిగా మార్కులు దక్కాయి.

6. విభజన తర్వాత రెండు దారులు

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఒకే చట్రంలో రూపొందిన పుస్తకం రెండు రాష్ట్రాల పుస్తకంగా మారింది. తెలంగాణ ఆ నిర్మాణాన్ని కొనసాగిస్తూ రాష్ట్ర సాధన ఉద్యమాన్ని పదవ తరగతి గ్రంథంలో ఒక పాఠంగా చేర్చింది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం, మలిదశ ఉద్యమం ఆ రాష్ట్ర విద్యార్థికి పాఠ్యాంశాలయ్యాయి. తల్లిదండ్రులు పాల్గొన్న ఉద్యమాన్ని పిల్లలు పాఠంగా చదవడం చరిత్ర బోధనలో అరుదైన సందర్భం.

ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. తరగతి తర్వాత తరగతిగా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలకు మారుతూ 2024-25 విద్యా సంవత్సరంలో పదవ తరగతిలోనూ వాటిని ప్రవేశపెట్టింది. చరిత్ర, భూగోళం, రాజనీతి, అర్థశాస్త్రం మళ్లీ విడివిడి విభాగాలయ్యాయి. జాతీయ స్థాయి పోటీ పరీక్షలకు విద్యార్థి సిద్ధం కావాలన్న ఉద్దేశం ఈ మార్పుకు బలం ఇచ్చింది. సరిగ్గా ఇదే సమయంలో ఎన్‌సీఈఆర్‌టీ వ్యతిరేక దిశలో అడుగు వేసింది. 2023 నాటి జాతీయ చట్రం ప్రకారం 2024లో వెలువడిన ఆరవ తరగతి కొత్త పుస్తకంలో సామాజిక శాస్త్రాలన్నిటినీ ఇతివృత్తాల వారీగా ఒకే గ్రంథంలో కూర్చారు. 1953లో మొదలైన ‘ఒకటా, నాలుగా’ అన్న చర్చ డెబ్భై ఏళ్ల తర్వాతా తేలలేదు.

రెండు దారులకూ లాభనష్టాలు ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడిన క్రమం ఒకే భాషా సమాజపు ఉమ్మడి అనుభవం. తెలంగాణ విద్యార్థి దీనిని ఉద్యమ దృక్కోణం నుంచి చదువుతున్నాడు. ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి సమాఖ్య పాఠం చదివే విద్యార్థికి భాషారాష్ట్రాల ఏర్పాటు దేశవ్యాప్త పరిణామంగా క్లుప్తంగా ఎదురవుతుంది. తెలంగాణ పాఠం స్థానికతను ఇస్తుంది, ఎదుటివారి వాదం వినిపించవలసిన అవసరం దానికి మిగిలి ఉంటుంది. జాతీయ పాఠం విశాలత్వాన్ని ఇస్తుంది, సొంత నేల గురించి అది తక్కువ చెబుతుంది. పొరుగున ఉన్న రెండు రాష్ట్రాల పిల్లలు తమ ఉమ్మడి గతం గురించి ఒకే ఆధారాలను చదివే చోటు ఏదీ మిగలకపోవడం దీర్ఘకాలంలో ఆలోచించవలసిన విషయం.

7. గూడెం కొండలు: ఒక పేరా, రెండు ప్రశ్నలు

పాఠ్యపుస్తకంలో ఉన్నదానికీ, విద్యార్థి నేర్చుకునేదానికీ మధ్య తేడాను ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి ‘భారతదేశంలో జాతీయవాదం’ పాఠంలో సహాయ నిరాకరణోద్యమ సందర్భంలో గూడెం కొండల తిరుగుబాటు ప్రస్తావన ఉంది. అటవీ ఆంక్షలు, రోడ్డు పనులలో వెట్టిచాకిరి గిరిజనుల ఆగ్రహానికి కారణాలయ్యాయని, అల్లూరి సీతారామరాజు గాంధీజీని ప్రశంసిస్తూ ఖద్దరు ధరించమని, తాగుడు మానమని ప్రజలకు బోధించాడని, అయినా స్వరాజ్యం బలప్రయోగంతోనే వస్తుందని నమ్మాడని ఆ పాఠం చెబుతుంది.

ఈ కొద్ది వాక్యాలలో చరిత్రకారుని ముందుండే అసలైన సమస్య ఉంది. గాంధీని కీర్తించిన వ్యక్తి ఆయుధం ఎందుకు పట్టాడు? ఒకే జాతీయోద్యమం నగరంలోని న్యాయవాదికి, అవధ్ రైతుకు, మన్యం గిరిజనునికి ఒకే అర్థాన్ని ఇచ్చిందా? జవాబు కోసం విద్యార్థి తొమ్మిదవ తరగతిలో చదివిన అటవీ చట్టాలను గుర్తు చేసుకోవాలి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయంపై, అటవీ ఫలసాయంపై చూపిన ప్రభావాన్ని ఆలోచించాలి. నర్సీపట్నం-లంబసింగి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలీలను పీడించిన తీరును, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా జరిగిన దాడులలో తుపాకులే ప్రధాన లక్ష్యం కావడాన్ని ఉపాధ్యాయుడు జోడిస్తే చిత్రం స్పష్టమవుతుంది.

పాఠంలోని ఒక చిన్న మాట కూడా చర్చకు ఉపకరిస్తుంది. గూడెం కొండలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నట్లు పుస్తకం రాస్తుంది. 1922లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ ప్రాంతం మద్రాసు రాజధాని కింది ఏజెన్సీ. ఇది దోషమా, నేటి పాఠకుని సౌలభ్యం కోసం చేసిన సర్దుబాటా అని పిల్లలను అడిగితే చరిత్రలో స్థలనామం కూడా కాలానికి లోబడినదేనని తెలుస్తుంది. తిరుగుబాటులో రాజు అనుచరుడైన గాం మల్లుదొర తర్వాతి కాలంలో, 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో, లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ ఒక్క విషయం చరిత్ర పాఠాన్ని రాజనీతిశాస్త్రంలోని ఎన్నికల పాఠంతో కలుపుతుంది. ఏకీకరణ అంటే నాలుగు విభాగాలను ఒకే అట్టలో కుట్టడం కాదు, ఇటువంటి ముడులను విద్యార్థి చేత విప్పించడం.

ఇదే పేరాపై పరీక్షలో రెండు రకాల ప్రశ్నలు సాధ్యం. ‘గూడెం తిరుగుబాటు నాయకుడు ఎవరు?’ అన్నది మొదటి రకం. ‘గాంధీ పట్ల గౌరవం ఉన్నా రాజు హింసామార్గాన్ని ఎంచుకోవడానికి కారణాలను ఇచ్చిన ఆధారాల సాయంతో వివరించండి’ అన్నది రెండవ రకం. మొదటిదానికి జవాబు ఒక పేరు. తెలుగునాట బడికి పోని పిల్లవాడికి కూడా ఆ పేరు తెలుసు. పాఠం ప్రత్యేకంగా నేర్పేది రెండవ ప్రశ్న వల్లనే బయటపడుతుంది. పరీక్షలో మొదటి రకం ప్రశ్నే వస్తుందని తెలిసిన తరగతి గదిలో రెండవ ప్రశ్నకు సమయం మిగలదు.

8. పరీక్ష పుస్తకాన్ని ఎలా మార్చుకుంటుంది

2014-15 తర్వాత వెలువడిన గైడ్లను, టెస్ట్ పేపర్లను, ప్రశ్నల నిధులను గమనిస్తే మార్పు ఏ దిశలో జరిగిందో తెలుస్తుంది. పుస్తకంలో లేని ప్రశ్న రావాలన్న సూత్రానికి ప్రతిగా, రాగల ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు తయారయ్యాయి. అభిప్రాయం రాయవలసిన ప్రశ్నకు కూడా కంఠస్థం చేయదగిన అభిప్రాయం సిద్ధమైంది. ఆరు విద్యా ప్రమాణాలు ఆరు రకాల ఆలోచనలకు బదులు ఆరు శీర్షికల కింద వర్గీకరించిన జవాబులుగా మారాయి. బిట్ పేపరు కోసం పాఠాన్ని ముక్కలు చేసే అలవాటు ఎన్నడూ పోలేదు. సాంఘికశాస్త్రానికి ఉన్న రెండు పరీక్షా పత్రాలు కరోనా అనంతరం రెండు రాష్ట్రాలలో ఒకటిగా తగ్గాయి. దీనివల్ల విద్యార్థిపై ఒత్తిడి తగ్గింది. అంతే విస్తృతమైన పుస్తకంలో ‘ముఖ్యమైనవి’ ఎంచి చదివే ధోరణికీ ఇది దారి ఇచ్చింది.

అయితే జ్ఞాపకంపై ఆధారపడిన పరీక్షను కేవలం దోషంగా చూడటం న్యాయం కాదు. దాని కొనసాగింపుకు సామాజిక కారణం ఉంది. లక్షల జవాబు పత్రాలను కొద్ది రోజులలో, వేరువేరు కేంద్రాలలో, వందల మంది ఉపాధ్యాయులు దిద్దాలి. జవాబు ఎంత నిర్దిష్టంగా ఉంటే మార్కులలో వ్యత్యాసం అంత తక్కువ. ఇంట్లో చదువు చెప్పేవారు లేని తొలితరం విద్యార్థికి ఊహించదగిన ప్రశ్న ఒక భరోసా. స్వేచ్ఛగా రాయమన్న ప్రశ్న భాషా సంపద ఉన్న కుటుంబాల పిల్లలకే మేలు చేసే ప్రమాదం ఉంది. పరిశీలనను కోరే పరీక్షను ప్రతిపాదించేవారు ఈ అభ్యంతరానికి సమాధానం చెప్పాలి.

సమాధానం ప్రశ్నపత్రంలోనే ఉంది. ఆధారాన్ని పత్రంలోనే ఇచ్చి దాని ఆధారంగా ప్రశ్నించినప్పుడు జ్ఞాపకం మీద భారం తగ్గుతుంది, భాషా సంపద మీద కూడా భారం తగ్గుతుంది. ఒక పట్టికనో, ప్రభుత్వ ఉత్తరువునో, పత్రికా ప్రకటననో చదివి రెండు కారణాలు చూపమని అడిగితే జవాబు క్లుప్తంగా ఉండవచ్చు, దిద్దేవారికి ప్రమాణమూ స్పష్టంగా ఉంటుంది. 2014-15 సంస్కరణలో ఈ బీజం ఉంది. దాన్ని పెంచడానికి కావలసిన ఉపాధ్యాయ శిక్షణ, ప్రశ్నపత్ర రచయితల తర్ఫీదు పుస్తక రచనకు ఇచ్చినంత శ్రద్ధను పొందలేదు. చరిత్ర పట్టభద్రుడు భూగోళం, భూగోళ పట్టభద్రుడు రాజనీతి బోధించవలసిన పరిస్థితిలో స్కూల్ అసిస్టెంటుకు పుస్తకమే ఆధారం. తాను చదవని శాస్త్రంలో పరిశీలనా పద్ధతిని ఆయన విద్యార్థికి చూపాలంటే తనకు ముందు ఎవరైనా చూపాలి.

9. ముగింపు

మాధ్యమిక స్థాయి సాంఘికశాస్త్ర పాఠ్యక్రమ చరిత్రలో పేర్లు మారాయి, విభాగాలు కలిసి విడిపోయి మళ్లీ కలిశాయి, పాఠాలు చేరాయి, తొలగాయి. ముదలియార్ కమిషన్ నుంచి 2005 జాతీయ చట్రం, 2011 రాష్ట్ర పరిధి పత్రం వరకు ప్రతి ప్రధాన ప్రయత్నం విద్యార్థిని ఆలోచించే పౌరునిగా చూసింది. మెట్రిక్యులేషన్ నాటి నుంచి కొనసాగుతున్న పరీక్ష మాత్రం అతణ్ణి గుర్తుంచుకునే అభ్యర్థిగానే చూసింది. పాఠ్యపుస్తకంలోని విషయాలపై జరిగే వివాదం అవసరమే. కాని పరీక్ష అడగని పాఠం పుస్తకంలో ఉన్నా విద్యార్థి దగ్గరకు చేరదు. పేరు మాత్రమే అడిగే పరీక్షలో మంచి పాఠం కూడా ఒక పేరుగానే మిగులుతుంది.

ఈ పరిశీలన నుంచి తెలుగు రాష్ట్రాలకు సంబంధించి మూడు విషయాలు తేలుతున్నాయి. పదవ తరగతితో చరిత్ర ముగిసే విద్యార్థులే అత్యధికులు కనుక, ఏ పాఠ్యక్రమాన్ని స్వీకరించినా 1947 తర్వాతి భారతం ఆ తరగతిలోపే వారికి అందాలి. ఎన్‌సీఈఆర్‌టీ గ్రంథాన్ని అనుసరించే చోట గూడెం వంటి ప్రస్తావనలను స్థానిక ఆధారాలతో విస్తరించే అనుబంధ వాచకాలు ఉపాధ్యాయులకు కావాలి. ఆధారాన్ని ఇచ్చి ప్రశ్నించే పద్ధతికి పబ్లిక్ పరీక్షలో స్థిరమైన వాటా ఉండాలి.

నూరేళ్ల క్రితం విజ్ఞాన చంద్రికా మండలి శాసనాన్ని, గ్రంథాన్ని తూచి చూసే చరిత్రను తెలుగు గృహస్థుని చేతిలో పెట్టింది. ఆనాటి పాఠకుడు ఏ పరీక్షా రాయలేదు. నేడు లక్షల మంది పిల్లలు ప్రతి ఏటా చరిత్ర పరీక్ష రాసి బయటికి వస్తున్నారు. ఆ తర్వాత ఒక వార్తను, ఒక నాయకుని ప్రసంగాన్ని, గతం పేరిట వినిపించే ఒక వాదాన్ని విన్నప్పుడు ‘దీనికి ఆధారమేమిటి?’ అని అడిగే అలవాటు వారికి మిగిలిందా లేదా అన్నదే మాధ్యమిక స్థాయి సాంఘికశాస్త్రానికి అసలైన మూల్యాంకనం.